ఫాతెహాకు ముందు తీసిన గిన్నె

చార్మినార్ చూసి వచ్చినవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. గాజులు కొనుక్కుని, బిర్యానీ తిని, సాయంత్రం బస్సుకు తిరిగొస్తారు. అక్కడి నుంచి పడమరగా పదిహేను నిమిషాలు నడిస్తే వచ్చే హుస్సేనీ ఆలంలో నాలుగు రోజులు ఉండి వచ్చినవాళ్లు మాత్రం నాకు తెలిసి ఎవరూ లేరు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను పంపుసెట్ల మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలోనే. చరిత్ర, మతాలు, దేశదేశాల ఆచారాలు ఉన్న బీరువాలను రెండుసార్లు పూర్తి చేశాను. మా సంఘంలో ఏదైనా కాగితం రాయాల్సి వస్తే అందరూ నా వైపే చూస్తారు. అది నాకు ఇష్టమే.

మాది నలభై కుటుంబాల చిన్న క్రైస్తవ సంఘం. ఆదివారం ప్రార్థనకు అద్దెకు తీసుకున్న హాలును, పాటల చప్పుడు భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగు వాళ్లు అనడంతో, యజమాని ఖాళీ చేయించాడు. అట్లా పోగొట్టుకున్న హాళ్లలో అది మూడోది. దాంతో పాస్టరయ్య ఊరి బయట భూమి చూశాడు. చుట్టూ ప్రహరీ, మధ్యలో మందిరం, మందిరం చుట్టూ మన ఇళ్లు. విశ్వాసులు విశ్వాసుల మధ్యనే బతకాలన్నాడు. సరేనన్నాను. చలిదేశాల్లో బయటివాళ్లతో కలవకుండా తరతరాలు సొంత పొలాలు దున్నుకుంటూ బతికే భక్తుల గురించి నేను చదివి ఉన్నాను. వాళ్లను చూసి కాలనీకి పదిహేను నియమాలు రాసిపెట్టాను.

మా ప్లాటు పక్కది అక్క కోసం ఆపి ఉంచారు. రత్నమ్మక్కది హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ. అక్కడ క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. బావ పోయి రెండేళ్లయింది, పిల్లలు లేరు. ఆదివారం సాయంత్రంలోగా అక్క ఒప్పుకోకపోతే ఆ ప్లాటు వేరేవాళ్లకు ఇస్తానన్నాడు పాస్టరయ్య. నా భార్య సుజాత గడపలో నిలబడి, వదినె మాట తీసుకోకుండా తిరిగి రావొద్దని చెప్పింది. మా అందరికన్నా ఎక్కువగా ఆ కాలనీ కావాలనుకున్నది సుజాతే.

ఇమ్లీబన్ నుంచి గల్లీ దాకా

బస్సులో నా పక్కన కుంకుడుకాయల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను. "ఆడ మనోళ్లెవరున్నరు?" అన్నాడు. అక్క ఉందన్నాను. కాసేపు నావంక జాలిగా చూసి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఇచ్చాడు. అప్పటికి అక్క మీద నాకున్నదీ దాదాపు ఆ జాలే.

ఇమ్లీబన్ బస్టాండులో దిగి, నయాపూల్ మీదుగా నడిచాను. మదీనా చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ ఇరవై ఐదు రూపాయలు. మా ఊళ్లో పది. మా ఊళ్లో హోటల్లో బల్ల ఖాళీ లేకపోతే బయట నిలబడి తాగుతాం. ఇక్కడ ఎవరి ముందున్న కుర్చీ అయినా లాక్కుని కూర్చోవచ్చు, అడగాల్సిన పని లేదు. నా ఎదుట కూర్చున్న ముసలాయన సాసర్లో చాయ్ పోసుకుని, బిస్కెట్ల ప్లేటును మధ్యలోకి జరిపాడు. తినాలో వద్దో తేల్చుకునే లోపే ఆయన లేచి వెళ్లిపోయాడు. రెండు బిస్కెట్లు మిగిలాయి. తిన్నాను. తర్వాత బిల్లులో నాలుగు బిస్కెట్లు నా లెక్కలోనే వేశారు.

అక్క ఇల్లు రెండు గదులు, ముందు చిన్న వాకిలి, మీదికి మెట్లు. పక్కింటికీ మనకూ మధ్య తలెత్తు గోడ. ఆ గోడలో నాలుగు ఇటుకలంత గూడు, దానికి చిన్న చెక్క తలుపు. ఇటువైపు తడితే అటువైపు తెరుస్తారు. ఒక మనిషి ముఖం ఇంకొకరికి కనపడదు, గిన్నె మాత్రం దూరుతుంది. అక్క ఆ ఇంటికి వచ్చిన ఈ ముప్పై మూడేళ్లలో గిన్నెలు జరిపి జరిపి గూటి అడుగు నున్నగా అయిపోయింది.

అక్క ప్రసూతి ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. సగం గల్లీని తన చేతుల మీదుగానే భూమ్మీదికి దించానని చెప్పుకుంటుంది. పక్కింటి ఖైరున్నిసా బీ కొడుకు యూసుఫ్ కూడా అందులో ఒకడు. ఇప్పుడతనికి ముప్పై దాటింది, ఆటో నడుపుతాడు. అక్కను ఖాలా అంటాడు. అంటే పిన్ని. ఆ వరసన నన్ను చూసీ చూడగానే మామూను చేసేశాడు.

ఆ సాయంత్రం ఖైరున్నిసా బీ కర్ర పట్టుకుని వచ్చి, అక్క వాకిట్లో నవారు మంచం మీద కూర్చుంది. నా ఊరు, నా పని, పిల్లలు అన్నీ అడిగింది. చివరికి అడగాల్సింది అడిగింది.

"రత్నాను తీస్కపోనీకె వచ్చినవు గదా, తమ్ముడు?"

అక్క ఉల్లిగడ్డ కోస్తూ తలెత్తలేదు. అవుననే అన్నాను. ఆవిడ తల ఊపి, చాయ్‌లో చక్కెర తక్కువైందని అక్కను తిట్టి, లేచి వెళ్లిపోయింది.

మేడ మీద

తెల్లారి లేచి ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. శుక్రవారం పొద్దున పుస్తకం పట్టుకుని అక్క మేడ మీదికి ఎక్కాను. చల్లగా గాలి వీస్తోంది. పావురాలు, నీళ్ల ట్యాంకులు, దూరంగా మినార్ల కొసలు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశానో లేదో, పక్కింటి వాకిట్లో కెవ్వుమన్న కేక, బకెట్టు దొర్లిన చప్పుడు, ఒక తలుపు ధడాలున మూసుకోవడం. యూసుఫ్ భార్య సనా తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటోందట.

నేను మెట్లు దిగేసరికి యూసుఫ్ గేటు దగ్గర ఉన్నాడు. లుంగీ మీద, పళ్లు తోముతూ. కోపంగా ఉన్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"మామూ, దొంగలు గూడ జెర చప్పుడు చేసి ఎక్కుతరు" అన్నాడు.

సంగతి అక్క చెప్పింది. ఇక్కడ మగవాడు మేడ ఎక్కేముందు మెట్ల దగ్గరే నిలబడి, "పర్దా, పర్దా" అని రెండుసార్లు గట్టిగా పిలవాలి. పిలిచి కాసేపు ఆగాలి. చుట్టుపక్కల వాకిళ్లలోని ఆడవాళ్లు లోపలికి వెళ్తారు, లేదా ముసుగు సర్దుకుంటారు. అప్పుడు ఎక్కాలి. కరెంటు స్తంభం ఎక్కేవాడైనా, ట్యాంకు బాగుచేసేవాడైనా అంతే. బావ నీళ్ల శాఖలో లైన్‌మన్. ఆయన గొంతు పెద్దది.

"మీ బావ పిలిస్తె మూడు గల్లీలు లోపలికి పోతుండె" అంది అక్క.

పర్దా గురించి నేను చాలా చదివాను. దాని చరిత్ర మీద అరగంట మాట్లాడగలను. కానీ ఒక పిలుపుతో నిమిషంలో లేచి, పని అయిపోగానే దిగిపోయే గోడ ఒకటి ఉంటుందని ఏ పుస్తకంలోనూ కనపడలేదు. మర్నాడు నేనూ మెట్ల దగ్గర నిలబడి పిలిచాను. గొంతు సగం బయటికి, సగం లోపలికి పోయింది. పక్కింట్లోంచి ఖైరున్నిసా బీ నవ్వు వినిపించింది. ఇంకోసారి పిలవమంది, ఈసారి గొర్రెపిల్లలా కాకుండా.

ధూల్‌పేట్

జుమా నమాజు అయ్యాక, ఊరు చూపిస్తానని యూసుఫ్ నన్ను ఆటోలో పురానాపూల్ దాటించి ధూల్‌పేట్ తీసుకెళ్లాడు. వినాయక చవితికి ఇంకా నెలల సమయం ఉంది. అయినా వీధి పొడుగునా షెడ్లలో, ప్లాస్టిక్ పట్టాల కింద రంగు వేయని తెల్లటి గణపతులు వరసగా కూర్చుని ఉన్నారు. కొందరికి చేతులు ఇంకా అతికించలేదు. వాన చినుకులు, తడి సున్నం వాసన.

షెడ్డులోకి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. మా సంఘంలో విగ్రహాల దగ్గరికి వెళ్లరు. పక్కకు చూస్తే యూసుఫ్ కూడా బయటే ఆగిపోయి ఉన్నాడు, అతని కారణం అతనిది. ఇద్దరం చూరు కింద సగం తడుస్తూ నిలబడ్డాం. లోపల తొండం నున్నగా రుద్దుతున్న ముసలాయన మమ్మల్ని చూసి నవ్వాడు. పేరు కిషన్ సింగ్. వాళ్ల పెద్దలు ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట.

"ఇప్పుడు ఇది ఉత్త పిండే. పూజ చేసి ప్రాణం పోసినంకనే దేవుడు. భయపడకుండ్రి, లోపలికి రాండ్రి" అన్నాడు.

వెళ్లి కూర్చున్నాం. నేను మా కాలనీ సంగతి చెప్పాను. ఈ పేటంతా వాళ్లవాళ్లే కదా, ఒక్క కులం, ఒక్క దేవుడు, ఒక్క పని. కలిసి ఉండటం ఎంత సుఖమో ఆయన నోటితో వినాలనిపించింది. ఆయన చెయ్యి ఆపకుండానే చెప్పాడు. ఎదుటి షెడ్డువాడు సొంత మేనల్లుడట. విగ్రహాలు ఆరబెట్టే జాగా కోసం వాళ్లిద్దరికీ పోలీస్ స్టేషన్ దాకా లొల్లి నడిచింది. నాలుగేళ్లుగా మాటల్లేవు.

"పరాయోడైతె జెర మొహమాటపడుతుండె. మనోడు గద, మొహమాటమేంది?"

యూసుఫ్ పగలబడి నవ్వాడు. తిరుగుదారిలో తన సంగతీ చెప్పాడు. రెండేళ్ల కింద తనూ ఊరి చివర ఒక అపార్ట్‌మెంటులో ఇల్లు చూశాడట. అంతా మనవాళ్లే ఉంటారు, గుమ్మంలోనే మసీదు అని. తల్లిని తీసుకెళ్లి చూపించాడు. ఆవిడ అన్ని గదులూ తిరిగి, పంపు తిప్పి, "అందరు మనోళ్లే గానీ నల్లాల నీళ్లేవిరా?" అని అడిగి, వెనక్కి వచ్చి ఆటోలో కూర్చుందట.

గుడిమల్కాపూర్

శనివారం ఖైరున్నిసా బీ భర్త బర్సీ, అంటే ఏటా చేసే సంస్మరణ. సమాధి మీద కప్పే పూలకోసం పొద్దున్నే యూసుఫ్‌తో గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళ్లాను. ఒక్కచోట అన్ని పూలు నేనెప్పుడూ చూడలేదు. బంతి కుప్పలు నడుం ఎత్తున ఉన్నాయి. గులాబీ కిలో నూట నలభై, మల్లె అంతకు మూడింతలు. చేవెళ్ల వైపు నుంచి వచ్చిన ఒకామె దగ్గర ఆగాం. తూచే ముందు, పూలు దేవుడికా, పెళ్లికా, సమాధికా అని అడిగింది. ఎందుకని అడిగాను.

"పెండ్లయితె ఇరవై ఎక్కువ జెప్త. పెండ్లోళ్లు బేరమాడరు" అంది.

సమాధికని చెప్పి, బేరమాడి, ఒక చేమంతి దండ కొసరు తెచ్చుకున్నాం. కొసరు దండను యూసుఫ్ నాకిచ్చాడు, అక్క బావ ఫోటోకు వేస్తుందేమోనని. మావాళ్లు ఫోటోలకు దండలు వేయరని చెప్పాను. "అరే, ఖాలా ఎప్పుడో చెప్పింది, మర్చిపోయిన" అని నాలుక కరుచుకుని, దండను ఆటో అద్దానికి తగిలించాడు. ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు.

గూటి తలుపు

మధ్యాహ్నం అక్క మందుల దుకాణానికి వెళ్లింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. పక్కింట్లోంచి బగారా అన్నం, దాల్చా వాసన. మనుషులు వస్తున్నారు, చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఇంతలో గూటి తలుపు మీద గాజుల చేత్తో తట్టారు. తెరిచాను. మూత పెట్టిన స్టీలు గిన్నె, దాని వెనక సనా గొంతు మాత్రమే.

"ఖాలా కా హిస్సా."

అక్క వాటా అని అర్థమైంది. బర్సీనాడు వండిన వంట ముందు పెట్టుకుని, పోయినవాళ్ల పేరిట ఫాతెహా ప్రార్థన చదువుతారని, చదివాక పంచుతారని నేను చదివి ఉన్నాను. మా సంఘంలో ఇంకొకరి ఆరాధనలో పెట్టింది ముట్టరు. అది నేను రాసిన నియమాల్లో కూడా ఉంది. మర్యాద తప్పకుండా, నాకు వచ్చిన ఉర్దూలో చెప్పాను. మాఫ్ కర్నా, హమ్ ఏ నహీ ఖాతే, అంటే క్షమించండి, మేం ఇది తినం అని. గిన్నెను వెనక్కి జరిపాను.

గిన్నె గూట్లోంచి మెల్లగా వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

మంచం మీద కూర్చుని నోట్‌బుక్కు తీశాను. ఇలాంటి చోట ఉంటే అక్కకు రోజూ ఇదే పరీక్ష కదా అని రాసుకున్నాను. నా పరీక్ష నేను గెలిచాననే అనుకున్నాను. ఆ వాక్యం పూర్తి కాకముందే పక్కింట్లో మాటలు సద్దుమణిగాయి. ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఫాతెహా అప్పుడు మొదలైంది.

కలం అక్కడే ఆగిపోయింది. గిన్నె వచ్చి వెళ్లాక మొదలైంది చదవడం.

అక్క వచ్చాక జరిగింది చెప్పాను. మందుల సంచీ కింద పెట్టకుండానే వింది.

"వాపస్ పంపినవా?"

అవునన్నాను.

"ముప్పై మూడేండ్ల సంది గట్లనే పంపుతది, తమ్మీ. కుండ దింపంగనే మొదట నాకు తీస్తది. తర్వాతనే లోపల పెట్టి చదివిస్తరు. ఎన్నడు అడగలే నేను. వచ్చిన కొత్తల్ల ఒక్కసారి తిననని చెప్పిన, గంతే."

ముఖం కడుక్కుని పక్కింటికి వెళ్లింది. వాళ్లకు అక్కడ వంద మంది చుట్టాలున్నారు. ఆ సందడి మధ్యలో అక్క ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఆ గిన్నె అక్క చేతిలో ఉంది. ఇద్దరం తిన్నాం. దాల్చాలో పప్పు, సొరకాయ ముక్కలు, చింతపండు పులుపు, మెత్తగా ఉడికిన మాంసం. మా ఇళ్లలో మాంసంలో పప్పు వేయరు. ఎందుకు వేయరో తెలియదు, వేయాలి.

అక్క కూడా వాళ్లకోసం చేసేది ఒకటుంది. ముప్పై మూడేళ్లుగా మాంసం హలాల్ కొట్టులోనే కొంటుంది, ఖైరున్నిసా బీ ఎప్పుడు వచ్చినా తినడానికి వీలుగా. తను వెళ్లే ప్రార్థన మందిరం దగ్గర చవగ్గా దొరికినా అక్కడ తీసుకోదు.

సాయంత్రం చుట్టాలంతా వెళ్లాక ఖైరున్నిసా బీ వచ్చింది. నేను లేచి నిలబడి క్షమించమన్నాను. చెయ్యి ఊపి కూర్చోమంది. ఎవరి దీన్, ఎవరి ధర్మం వాళ్లు కాపాడుకోవడంలో తప్పు లేదంది. ఆ తర్వాత నేను అనుకోని మాట అంది.

"తీస్కపో, తమ్ముడు. నాకు మంచిగనిపియ్యదు, గానీ తీస్కపో. మా ఇంట్ల ఎవరన్న పోతె గల్లీ మొత్తం వస్తది, ఏం జెయ్యాల్నో అందరికి ఎరుకే. రత్నా పోతె మేము వస్తం, ఏడుస్తం. మీ దువా, మీ ప్రార్థన మాకు రాదు. మీ పాటలు రావు. ఆమె తన వాళ్ల నడుమ పోవాలె."

మా పాస్టరయ్య నెలరోజులుగా చెబుతున్న దానికన్నా ఇది బలమైన మాట. నేను తెచ్చుకున్న మాటలేవీ దీని ముందు నిలవవు. అక్క ఆవిడ వంక చూసింది. "నేను ఎప్పుడు పోవాల్నో గూడ నువ్వే చెప్తవా?" అంది. ఇద్దరూ వంకాయల ధర మీదికి మాట మార్చేశారు.

ఆదివారం

అక్క వెళ్లే ప్రార్థన మందిరానికి రెండు బస్సులు మారాలి. దారిలో ఆమె మోకాళ్ల నొప్పి చూస్తే, ఖైరున్నిసా బీ చెప్పింది నిజమేననిపించింది. ఆరాధన అయ్యాక అక్కడే చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. కాలనీ కాగితం చూపించమంది. ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కొక్క నియమం చదివింది. ఏడో దాని దగ్గర వేలు ఆగింది. ప్రహరీ లోపల ఇతర ఆరాధన జరగరాదు, అతిథుల చేత కూడా. ఆ చివరి మాట నేనే పట్టుబట్టి చేర్చాను. అది చేర్చినందుకు పాస్టరయ్య నా భుజం తట్టాడు.

"ఖైరూ నన్ను చూడనీకె వస్తె, నమాజు ఏడ చేస్తది?"

ప్రహరీ బయట చేసుకోవచ్చన్నాను.

"రోడ్డు మీదనా? ఆ మోకాళ్లతోని?"

అక్క మెల్లగా చెప్పింది. ఒక వానాకాలం వాళ్లింట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయట. వాళ్ల ఇల్లు మనదానికన్నా పల్లం. పదకొండు రోజులు అందరూ అక్క రెండు గదుల్లోనే ఉన్నారు. వాళ్లు నమాజు చేసే వేళకు అక్కా బావా వంటింట్లోకి వెళ్లేవాళ్లు. బావ వాక్యం చదివే వేళకు వాళ్లు వాకిట్లో కూర్చునేవాళ్లు. ఎవరి ప్రార్థనలో ఎవరూ కలవలేదు, ఎవరిదీ ఆగలేదు.

"నేను రాను, తమ్మీ. సుజాతకు చెప్పు, కోపం చేస్కోవద్దని."

రేపు ఏమైనా అయితే ఎలా అని అడిగాను. పాటలు, దువా, ఆవిడ చెప్పిన మాటలు అన్నీ గుర్తుచేశాను.

"సంఘపెద్ద నంబరు సనా ఫోన్ల పెట్టిచ్చిన. పాట పాడేటోళ్లు గంటల వస్తరు. ఆ గంట నా దగ్గర కూసునేటోళ్లు కావాలె గదా."

అలాంటివాళ్లు కాలనీలోనూ దొరుకుతారన్నాను.

"దొరుకుతరు. ఈడ ఉన్నరు." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, నెమ్మదిగా, తప్పు పట్టినట్టు కాకుండా అడిగింది.

"మీ గల్లీల ఎవరికన్న ఎరుకనా, నువ్వేం తినవో?"

యూసుఫ్ ఇమ్లీబన్ దాకా దింపాడు. ఆటో కిరాయి తీసుకోలేదు, మామూ దగ్గర తీసుకుంటే ఇంట్లో చీవాట్లు పడతాయని. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తెచ్చుకున్న పుస్తకం తెరవలేదు.

మా వీధి

ఆ సాయంత్రమే సంఘంలో సంగతి చెప్పాను. ఏడో నియమంలోంచి కనీసం ఆ చివరి మాటైనా తీసేద్దామన్నాను. నువ్వే కదా రాసింది అన్నారు. నిజమే. పాస్టరయ్య కోప్పడలేదు. మూడు హాళ్లు పోగొట్టుకున్నవాళ్లను ఇప్పుడు తలుపు తీసి ఉంచమనడం న్యాయం కాదన్నాడు. అందులోనూ నిజముంది. పాడుకోవడానికి మనదైన చోటు ఒకటి కావాలని నేనిప్పటికీ అంటాను. బతకడానికి కూడా అదే చోటు కావాలా అన్నదే నాకు తెగలేదు. అక్క ప్లాటు వేరేవాళ్లకు వెళ్లింది. మాది ఉంచుకుంటామో లేదో చెప్పడానికి పది రోజులు గడువిచ్చారు.

సుజాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది.

"మీ అక్కకు ఖైరున్నిసా ఉన్నది. నాకెవరున్నరు ఈ గల్లీల?"

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చాను. పక్కింటి వెంకటేశం గేటు దగ్గర స్కూటరు తుడుస్తున్నాడు. మార్కెట్ యార్డులో పనిచేస్తాడు. పదకొండేళ్లుగా పక్క పక్కన ఉంటున్నాం. ఇంకో ఎనిమిది రోజుల్లో మా ఊరి బోనాలు. ఏటా ఆ రోజు ఆయన భార్య పద్మ, అమ్మవారికి పెట్టిన బెల్లపన్నం ఒక గిన్నెలో పంపిస్తుంది. ఏటా సుజాత నవ్వుతూ తీసుకుంటుంది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నేరుగా చెప్పాను. బోనం అన్నం మేం తినమని, అది మా నియమమని, ఇన్నేళ్లూ చెప్పలేదని.

"మరి ఏం జేస్తుంటిరి?" అన్నాడు.

"చివరింటి బర్రెలకు పెడుతుంటిమి."

గుడ్డ ఆయన చేతిలోనే ఉండిపోయింది. గడపలో నిలబడి వింటున్న పద్మ లోపలికి వెళ్లిపోయింది. వెంకటేశం రోడ్డు వైపు చూస్తూ, "పదకొండేండ్లు" అన్నాడు, తనలో తనే. నాకు వెనక్కి తిరిగి వెళ్లిపోవాలనిపించింది. అప్పుడాయనే అడిగాడు, అమ్మవారి ముందు పెట్టకముందే కొంచెం తీసిపెడితే తింటారా అని. హుస్సేనీ ఆలం సంగతి నేనాయనకు చెప్పనేలేదు. తింటామన్నాను.

"గట్లెట్ల తీస్తరు?" లోపలి నుంచి పద్మ గొంతు. "అమ్మ కన్న ముందుగాల మనుషులకు పెడ్తరా? ఎంగిలైతది."

నిజమే. అక్కడ పనికొచ్చింది ఇక్కడ పనికిరాదు. తెల్లారి కోడికూర వండుతాం కదా, అది పంపిద్దామన్నాడు వెంకటేశం. ఆ కోడి కూడా అమ్మవారికి కోసిందేనని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. ఆయన తల గోక్కున్నాడు. ఈసారి పద్మ బయటికే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇగ మీరే చెప్పుండ్రి, మీరేం తింటరు? మీరు గాదు, సుజాతమ్మ చెప్పాలె. బర్రెలకు పెట్టింది ఆమెనే గద, ఆమెనే వచ్చి చెప్పాలె."

మా గేటు దగ్గర సుజాత ఎప్పటి నుంచి నిలబడి ఉందో నేను చూడలేదు. వెంకటేశం లోపలికి వెళ్లి రెండు కుర్చీలు తెచ్చి వాకిట్లో వేశాడు. సుజాత ఒక్క క్షణం ఆగింది. చెంగు సర్దుకుని, గేటు తీసి, రోడ్డు మీదికి దిగి, వాళ్ల గేటులోకి వచ్చింది.

"తీపి తక్కువ తింట" అంది, కూర్చోకముందే.